అసలుతో సరిచూడబడినది

జిల్లా బావుల కొలతల కార్యాలయంలో డిప్యూటీ డైరెక్టర్ పినాకపాణి గారికి నకలు కాగితం కంటపడితే చెయ్యి ఊరుకోదు. జేబులోంచి పచ్చ ఇంకు పెన్ను దానంతటదే బయటికి వస్తుంది. "అసలుతో సరిచూడబడినది" అని రాసి, కింద సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేస్తే తప్ప ఆయనకు అన్నం సహించదు. గెజిటెడ్ హోదా వచ్చిన కొత్తలో పిల్లల మార్కుల జాబితాల మీద మొదలైన సంతకాలు క్రమంగా పెళ్లి శుభలేఖల మీదికీ, హోటల్లో టిఫిన్ల పట్టిక మీదికీ పాకాయి. ఆఫీసులో ఎవరూ దాన్ని వింతగా అనుకోరు. కొందరు ముక్కుపొడి పీలుస్తారు, ఈయన సంతకం పెడతారు.

అలాంటి చేతికి ఆ వేసవిలో ఒక సర్క్యులర్ అందింది. ఏ జిల్లాలోనో ఎవరో గుమాస్తా ఒక ఫైలును బస్సులో మర్చిపోయాడట. హెడ్డాఫీసు వాళ్లు ఉలిక్కిపడి లేచి ఇలా రాశారు: "సమాచారము గల ఏ అసలు ప్రతినీ ఏ కారణము చేతనైనను కార్యాలయము దాటి బయటకు పంపరాదు. పంపవలసి వచ్చినచో ధ్రువీకరించిన నకలును మాత్రమే పంపవలెను. ఉల్లంఘించిన వారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును." రాసినవాడు కాగితాలను మనసులో పెట్టుకుని రాశాడు. కానీ చదివింది పినాకపాణి గారు.

సరిగ్గా ఆ వారమే టెక్నికల్ అసిస్టెంట్ ఓబులేసు లాప్‌టాప్‌కు జబ్బు చేసింది.

ఓబులేసు పని ఊరూరా తిరిగి, బావుల్లోకీ బోర్లలోకీ టేపు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, అక్కడే ఏ బండ మీదో కూర్చుని ఆ కొలత లాప్‌టాప్‌లో ఎక్కించడం. ఇన్నేళ్ల ఎర్రమన్నూ, ఎండాకాలపు సుడిగాలులూ కలిసి ఆ లాప్‌టాప్ పొట్టలో స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి. ఆన్ చేస్తే పిండిమరలా రొద పెట్టేది, అట్లపెనంలా కాలేది, కాసేపటికి కన్ను మూసేది. చల్లారాక లేచేది, మళ్లీ పడిపోయేది. లోపల ఫ్యాన్ దుమ్ముతో పూడుకుపోయింది, వెనక మూత విప్పి శుభ్రం చేస్తే చాలు. ఆ మాత్రం ఓబులేసుకూ తెలుసు, కానీ సర్కారు వస్తువు మూత సర్వీస్ సెంటర్ వాళ్లు తప్ప ఎవరూ విప్పకూడదు.

తొందర ఎందుకంటే, నెలాఖరులోగా ఆ కొలతలన్నీ హెడ్డాఫీసు వెబ్‌సైట్‌లోకి ఎక్కాలి. ఎక్కిన ఊళ్లలో ఎండినవాటికి ఈ వేసవిలోనే కొత్త బోర్లు మంజూరవుతాయి. ఎక్కని ఊరు నీళ్లు పుష్కలంగా ఉన్న ఊరని లెక్క. ఆ కొలతలు ఆ లాప్‌టాప్‌లో తప్ప మరెక్కడా లేవు, ఎక్కించబోయిన ప్రతిసారీ అది సగంలోనే ఆగిపోతోంది. నక్కలదిన్నె అనే ఊరి కొలత కూడా అందులోనే ఉంది. ఆ ఊరి బోరులోకి ఓబులేసు టేపంతా వదిలినా చివర తడి తగల్లేదు. ఆ రోజు పైకి లాగిన టేపు వంక ఊరి ఆడవాళ్లు చూసిన చూపు అతను ఇప్పటికీ మర్చిపోలేదు.

ముందుగానే ఒక కాపీ తీసి పెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అతనికీ అనిపించింది. పెన్ డ్రైవ్ పట్టుకుని సూపరింటెండెంట్ కౌసల్య మేడం దగ్గరికి వెళ్లాడు. ఆఫీసు నిబంధనలన్నీ ఆమెకు కంఠోపాఠం. లేని నిబంధనలు కూడా కొన్ని వచ్చు.

"దీంట్లో పెట్టేది అసలా, నకలా?" అని అడిగారామె.

"నకలే మేడం. బ్యాకప్ అంటారు."

"పేరేదైతేనేం, నకలు నకలే. ధ్రువీకరణ లేని నకలు చెల్లదు. సార్ దగ్గరికి తీసుకుపో."

పినాకపాణి గారు పెన్ డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. సంతకానికి చోటు లేదు, ముద్రకు అసలే లేదు. అట్టముక్కకు కట్టి ఆ అట్ట మీద పెట్టవచ్చని మేడం మార్గం చూపారు. అయితే ఇది శుభలేఖ కాదు, సర్కారు సమాచారం. అంకె అంకె సరిచూడకుండా సంతకం పెడితే తప్పుడు ధ్రువీకరణ కిందికి వస్తుంది. అందుకని ఒక్కో మండలం సరిపోలాకే తర్వాతి మండలం నకలు తియ్యాలన్నారు. మొదటి మండలం ఒక్కటే ఎక్కించి, మేడం లాప్‌టాప్‌లోంచి పైకి చదవడం, సార్ తన కంప్యూటర్లో పెన్ డ్రైవ్ తెరిచి "సరి, సరి" అనడం మొదలైంది. మొదటి మండలం సగంలో ఉండగా లాప్‌టాప్ కన్ను మూసింది.

"మధ్యలో ఆగిన పోలిక పోలిక అనిపించుకోదు. మొదటి నుంచి ప్రారంభించవలెను" అన్నారు సార్.

మొదటి నుంచి ప్రారంభించారు. మళ్లీ ఆగింది. అలా వారమంతా ప్రారంభిస్తూనే ఉన్నారు. మొదటి మండలంలో మొదటి ఊళ్ల నీటిమట్టాలు మేడం నోటికి వచ్చేశాయి గానీ, పోలిక మాత్రం అక్కడి నుంచి అంగుళం కదల్లేదు.

"సార్, లాప్‌టాప్‌ను ముందు సర్వీస్ సెంటర్లో ఇచ్చి బాగు చేయించుకొస్తా. తర్వాత ఎంతసేపైనా చదువుకోవచ్చు" అని ఓబులేసు బతిమాలాడు.

"అసలు ప్రతిని కార్యాలయం దాటిస్తావా?" అని పినాకపాణి గారు కళ్లజోడు తీసి అడిగారు.

మొత్తానికి సర్వీస్ చేయనిదే నకలు తయారు కాదు, నకలు తయారు కానిదే సర్వీస్‌కు వీల్లేదు. ఓబులేసుకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ కూడా ఆఫీసుదే కాబట్టి మానుకున్నాడు.

ఆ గడబిడలోనే నక్కలదిన్నె సర్పంచ్ లింగమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, చేతిలో ఖాళీ ప్లాస్టిక్ బిందె. ఎందుకు తెచ్చావని అటెండరు అడిగితే, టౌనులోంచి వట్టి చేతులతో పోతే ఊళ్లో తిడతారని చెప్పింది.

"ఏం నాయనా ఓబులేసూ, మా ఊరి లెక్క ఎక్కిచ్చినావా?"

"ఇంకా లేదక్కా. లాప్‌టాప్ పని చేయడం లే."

"బాగు సేయిచ్చు మరి."

"బయటికి తీసుకుపోకూడదంట."

లింగమ్మ బిందె కింద పెట్టి, గ్లాసు తలుపు వెనక "సరి, సరి" అంటున్న పినాకపాణి గారిని కాసేపు చూసింది. "మా ఊళ్లో ఎనుముకు రోగమొస్తే డాక్టరే వస్తాడు, లేకుంటే ఎనుమే ఆడికి పోతాది. రొండూ కాకుండా ఇట్ల ముందర కూసోని పాట పాడేది నేను యాడా సూళ్లా" అంది. "నెలాఖరు దాటితే మా గతేంది నాయనా? ఆడపిల్లోళ్లు పొద్దున్నే బిందెలెత్తుకోని పక్కూరికి పోతాండారు. ఆ ఊరోళ్లు నిన్నటి నుంచి మోటారుకు తాళమేసినారు."

 ఓబులేసు ఆఫీసు ఫిల్టర్లోంచి ఆమె బిందె నింపి ఇచ్చాడు. సిగ్గుతో తల ఎత్తలేదు.

మరునాడు పినాకపాణి గారు ఎంతో ఉల్లాసంగా ఆఫీసుకు వచ్చారు. స్నానం చేస్తుండగా ఆయనకు ఉపాయం తట్టింది.

"సర్క్యులర్ ప్రకారం అసలును పంపరాదు. నకలును పంపవచ్చు. అవునా?"

"అవును సార్" అన్నారు మేడం.

"అయితే లాప్‌టాప్ యొక్క నకలును సర్వీసుకు పంపుదాం."

 కౌసల్య మేడం భక్తిగా తల ఊపారు. ఓబులేసు నవ్వబోయి, నవ్వాల్సిన విషయం కాదని గ్రహించి దగ్గాడు.

అదే కంపెనీది, అదే రకానిది, అదే రంగుది కొత్త లాప్‌టాప్ ఆఫీసుకు వచ్చింది. రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, మీటలు లెక్కపెట్టి, టేపుతో పొడవు వెడల్పులు కొలిచి, కొత్తదాని మూత మీద తెల్లకాగితం అతికించి పినాకపాణి గారు పచ్చ ఇంకుతో రాశారు. ముద్ర ఎంత చక్కగా పడిందంటే, ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఓబులేసు దాన్ని తీసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాడు. కౌంటర్లో ఫర్హానా అనే అమ్మాయి ఉంది. ఎవరేం అడిగినా కంపెనీ నేర్పిన ముక్కలే వల్లిస్తుంది.

"నమస్కారం సార్, మీకెలా సహాయపడగలను?"

"వేడెక్కి ఆగిపోతుందమ్మా."

ఆమె ఆన్ చేసింది. అది చల్లగా, సద్దు లేకుండా వెలిగింది. "ఇది బాగానే ఉంది కదా సార్?"

"ఇది కాదు. ఆఫీసులో ఉండేది."

"మరి దాన్ని తీసుకురండి సార్."

"దాన్ని తీసుకురాకూడదు. ఇది దాని నకలు. సంతకం కూడా ఉంది, చూడండి."

ఫర్హానా సంతకం చూసింది, ఓబులేసును చూసింది, తన కంప్యూటర్లో ఇలాంటి ఫిర్యాదు నొక్కడానికి ఏ గడీ లేదని చూసింది. చివరికి ఒక కాగితం ముందుకు తోసింది. "సర్వీసులో డేటా పోతే మాకు సంబంధం లేదని ఇక్కడ సంతకం పెట్టండి సార్."

"దీంట్లో డేటా ఏమీ లేదమ్మా."

"అయినా పెట్టాలి సార్. లేని డేటా పోయినా మా బాధ్యత కాదు."

ఇక్కడ కూడా తన ఆఫీసువాళ్ల చుట్టాలే ఉన్నారనుకుంటూ ఓబులేసు సంతకం పెట్టాడు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది: "లోపమేమీ కనబడలేదు."

ఆ రిపోర్టు ఆఫీసుకు చేరిన మరుక్షణం ఓబులేసుకు మెమో అందింది. "మీ లాప్‌టాప్ యొక్క ధ్రువీకరించిన నకలును నిపుణులు క్షుణ్ణముగా పరీక్షించగా ఎట్టి లోపమును లేదని తేలినది. నకలులో లేని లోపము అసలులో ఉండుట అసంభవము. కావున లేని లోపమును ఉన్నట్లు ఫిర్యాదు చేసి కార్యాలయ కాలమును వృథా చేసినందులకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

ఓబులేసుకు ఒళ్లు మండిపోయింది. మెత్తని మనిషి, ఇన్నేళ్ల నౌకరీలో ఎవరికీ ఎదురు చెప్పినవాడు కాదు. కానీ నెలాఖరు ముంచుకొస్తోంది, పక్కూరి మోటారుకు తాళం అలాగే ఉంది. తిన్నగా కూర్చుని, ఆఫీసు భాషలోనే జవాబు రాశాడు. "అసలులో లోపము కలదు. నకలులో లేదు. కావున నకలు అసలుతో సరిపోలుట లేదు. సరిపోలని నకలును సరిచూడబడినదని ధ్రువీకరించిన వారి విషయమై తీసుకొనవలసిన చర్యను గూర్చి తమరి ఆదేశములను కోరుచున్నాను."

పినాకపాణి గారు చదివారు. మేడంను పిలిపించారు.

"మేడం, తప్పుడు ధ్రువీకరణకు శిక్ష ఏమిటి?"

"గెజిటెడ్ హోదా తీసేస్తారు సార్. పచ్చ ఇంకు వాడకూడదు."

 జైల్లో పెట్టినా ఓర్చుకునేవారేమో గానీ, నీలం ఇంకుతో బతకడం ఆయన ఊహకు అందలేదు.

"దీనికి పరిహారం లేదా?"

"ఉంది సార్. నకలు అసలుతో సరిపోలనప్పుడు నకలును సరిదిద్దవలెను. అసలులో ఏ లోపం ఉందో, అదే లోపాన్ని నకలులో కల్పిస్తే మీ సంతకం నిజమైపోతుంది."

ఆ విధంగా లోప సమీకరణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు పినాకపాణి గారు, కార్యదర్శి కౌసల్య మేడం, సాక్షి ఓబులేసు. ఏ దుమ్ము పడితే ఆ దుమ్ము పోయడానికి వీల్లేదని కమిటీ తీర్మానించింది. అసలు ఏ దుమ్ముతో చెడిందో నకలు కూడా అదే దుమ్ముతో చెడాలి. చివరగా ఎక్కడ పని చేశావని ఓబులేసును అడిగారు.

"నక్కలదిన్నెలో సార్" అన్నాడతను.

ఆ సాయంత్రమే లింగమ్మకు ఫోన్ చేసి, ఎవరు వస్తున్నారో, ఎందుకు వస్తున్నారో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపి, "ఆ మారాజు నకలు కాగితం సూస్తే సంతకం పెట్టకుండా ఉండలేడంటివి గదా, నిజమేనా?" అని అడిగింది.

"శుభలేఖల మీద కూడా పెడతాడక్కా."

"అట్లనా" అని లింగమ్మ ఫోన్ పెట్టేసింది.

జీపు నక్కలదిన్నె చేరేసరికి ఎండ చిటపటలాడుతోంది. ఎండిన బోరు పక్కన, ఓబులేసు ఆ రోజు కూర్చున్న బండ మీదే కొత్త లాప్‌టాప్ పెట్టి ఆన్ చేశారు. కమిటీ చుట్టూ నిలబడి దుమ్ము కోసం ఎదురు చూసింది. దుమ్ము సర్కారువారి పని మీద ఎప్పుడు వచ్చింది గనుక! ఆకు కూడా కదల్లేదు.

"గాలి సహకరించుట లేదు" అని మేడం రాసుకున్నారు.

ఊరి ఆడవాళ్లు చీపుళ్లు తెచ్చి చుట్టూ ఊడ్చారు. ఎర్రదుమ్ము లేచి అధ్యక్షుల వారి చొక్కా మీదా, కార్యదర్శి గారి జుట్టులోనూ పడింది. లాప్‌టాప్ మాత్రం నవ్వుతున్నట్టు వెలుగుతూనే ఉంది. ఇంకా ఊడవమన్నారు సార్. ఇంకా ఊడ్చారు. జీపులో తెచ్చుకున్న నీళ్ల సీసాలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. చివరికి సార్ నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"కొంచెం... మంచినీళ్లు" అన్నారు.

లింగమ్మ అందుకోసమే కాచుకున్నట్టు లోపలికి వెళ్లి, రెండు చేతులతో ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. అది జిరాక్సు. ఈ బోరులో తొలిసారి నీళ్లు పడినప్పుడు ఎవరో తీసిన ఫొటోకు నకలు. అంచుల మీదుగా పొంగుతున్న నిండు కుండ.

"ఏమిటమ్మా ఇది?"

"నీళ్లే సార్. అసలు నీళ్లు గడప దాటిచ్చేకి లేదు గదా, నకలు తెచ్చినా. మీ ఆపీసు సట్టమే."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఓబులేసు ఎటో చూశాడు. పినాకపాణి గారికి కోపం వచ్చింది, కానీ తాను నెత్తిన పెట్టుకున్న సర్క్యులర్ మీద తానే ఎలా కోప్పడతారు? ఎండకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. చేతిలో నకలు ఉంది. దాని మీద సంతకం లేదు.

"ధ్రువీకరణ లేదే దీనికి" అని గొణిగారు.

కౌసల్య మేడం "సార్!" అని అరిచేలోపే పచ్చ పెన్ను బయటికి వచ్చి పని ముగించుకుంది. సంచిలోంచి ముద్ర కూడా వచ్చి, కుండ మూతి పక్కన గుండ్రంగా పడింది.

లింగమ్మ కాగితం తిరిగి తీసుకుని, అందరికీ వినబడేలా కూడబలుక్కుంటూ చదివింది. "అసలుతో సరి... సూడబడినది. పేరు, సంతకం, తేదీ. అంటే సార్, ఈ నిండు కుండ మా ఊళ్లో మీరు కండ్లారా సూసినారన్నమాట."

పినాకపాణి గారు కాగితం కోసం చెయ్యి చాచారు. లింగమ్మ ఇవ్వలేదు.

"యాడ సూసినారు సార్? మాకూ సూపియ్యండి. ఊరంతా దానికోసమే యెతుకుతాండాం."

"సూపియ్యండి సార్" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

"సార్, తప్పుడు ధ్రువీకరణ" అని ఓబులేసు వినయంగా గుర్తు చేశాడు.

సార్ దీనంగా మేడం వైపు తిరిగారు. ఆమె ఎప్పటిలాగే నిబంధన వెతుక్కున్నారు. "నకలు సరిపోలకపోతే నకలును సరిదిద్దుకోవచ్చు సార్. కానీ నకలు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది, ఇచ్చేలా లేదు. ఇక మిగిలింది ఒక్కటే మార్గం. నకలుకు తగిన అసలును ఏర్పాటు చేయవలెను."

పరీక్ష బోరు వేయించే అధికారం డిప్యూటీ డైరెక్టర్లకు మొదటి నుంచీ ఉంది. ఎవరి మంజూరూ అక్కర్లేదు. అలాంటి అధికారం ఒకటి తనకు ఉందని పినాకపాణి గారికి ఆ ఎండలో, ఆ దాహంలో చటుక్కున గుర్తొచ్చింది. అక్కడే నిలబడి ఫోన్ చేశారు. డిపోలో ఉన్న బోరు బండి వెంటనే బయలుదేరాలన్నారు. ఎక్కడైతే నీళ్లు పడతాయో అక్కడ వెయ్యాలి, పడేవరకూ వెయ్యాలి, కుండ నిండాలి అన్నారు. కుండ నిండాలన్న మాట రెండుసార్లు చెప్పారు.

ఫోన్ పెట్టేశాక లింగమ్మ ఇంట్లోంచి చెంబు తెచ్చి ఇచ్చింది. అడుగున కాసిన్ని నీళ్లున్నాయి.

"తాగండి సార్. వీటికి సంతకం వద్దులే."

ఆయన గటగటా తాగేశారు. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి ఎవరు మోసుకొచ్చారో ఓబులేసుకు తెలుసు. సార్‌కు చెప్పలేదు.

బోరు బండి సాయంత్రానికి దిగింది. మొదటి చోట దుమ్మే లేచింది. మరుసటి రోజు ఊరి పడమర వంకలో వేసిన రెండో బోరులో నీళ్లు పడ్డాయి. జల్లు పైకి లేచినప్పుడు ఊరు ఊరంతా దాని కింద నిలబడి తడిసింది, ఓబులేసు కూడా తడిశాడు. లింగమ్మ కుండ నింపి, సంతకం ఉన్న కాగితం పక్కన పెట్టి, రెండూ సరిపోలాయని కౌసల్య మేడం చేత రాయించుకుంది.

ఇలాంటి సంగతులు దాగవు. ఆ వారం ముగిసేలోపే కార్యాలయం ముందు సర్పంచులు బారులు తీరారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో జిరాక్సు. నిండిన కుండలు, పొంగే తొట్లు, నీళ్లలో ఈదుతున్న బర్రెలు. ఒకాయనైతే ఏకంగా జలపాతం పట్టుకొచ్చాడు. అందరిదీ ఒకటే మాట, సార్ ఒక్క సంతకం పెడితే చాలు.

పినాకపాణి గారు వెనక గుమ్మం నుంచి లోపలికి వచ్చి, పెన్ను సొరుగులో పెట్టి తాళం వేసి, మేడంను పిలిచి ఉత్తర్వు చెప్పి రాయించారు: "ఇకమీదట ఈ కార్యాలయమున నకళ్లను ధ్రువీకరించుట నిలిపివేయడమైనది. పంపుటకు నకలు లేనందున అసలు ప్రతులను అవసరమునుబట్టి ఎక్కడికైనను తీసుకొనిపోవచ్చును."

దాని మీద సంతకం ఆరకముందే ఓబులేసు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తాడు. డేటా పోతే మాది బాధ్యత కాదని ఫర్హానా కాగితం తోసింది. ఈసారి అతను ప్రతి అక్షరం చదివాకే సంతకం పెట్టాడు. లోపలి గదిలో వెనక మూత విప్పారు. బ్రష్షుతో దులిపితే ఫ్యాన్‌లోంచి జిల్లా ఎర్రమన్నంతా బయటికి వచ్చింది. వేడి పుట్టే చోట, వేడిని లాగేసే కొత్త పేస్టు రాసి మూసేశారు. మీట నొక్కగానే అది రొద లేకుండా వెలిగింది. కొలతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అక్కడే, ఆ కౌంటర్ దగ్గరే నిలబడి ముందు పెన్ డ్రైవ్‌లోకి కాపీ తీసుకున్నాడు, తర్వాత గాలి పీల్చుకున్నాడు.

నెలాఖరుకు ముందే వెబ్‌సైట్‌లోకి అన్ని ఊళ్లూ ఎక్కాయి. ఆ సంగతి చెప్పడానికి అతను సార్ గదిలోకి వెళ్లి, పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టాడు.

"బ్యాకప్ సార్. ఆఫీసులో ఒకటి ఉంటే మంచిదని."

పినాకపాణి గారు చూశారు. నకలు. ఉత్తర్వు ఇచ్చింది తానే అయినా, చెయ్యి మాట వినలేదు. సొరుగు తాళం తీసింది, పెన్ను మూత కూడా తీసింది.

"పెట్టేది పెట్టండి సార్" అన్నాడు ఓబులేసు. "అయితే ఎండిన బోర్లు ఇందులో చానా ఉండాయి. సరిచూసినానని రాస్తే, ఆ ఎండిన బోర్లన్నీ మీరు కండ్లారా చూసినట్టే. చూసీ బోరు బండి ఎందుకు పంపలేదని రేపు సర్పంచులంతా అడుగుతారు."

పెన్ను గాల్లోనే ఆగింది.  పినాకపాణి గారు పెన్నుకు మెల్లగా మూత పెట్టి, ముఖం కిటికీ వైపు తిప్పుకుని, "నేనేమీ చూడలేదు, తీసుకుపోవయ్యా" అన్నారు.